వాకబు ఎవరు చేయాలి? యాప్‌లో పరిచయమై పెళ్లి దాకా వెళ్లేవాళ్ల కోసం

#1 గోదారిగట్టు

పాతరోజుల్లో సంబంధం వచ్చిందంటే పిల్ల మేనమామ ఒకాయన బస్సెక్కి వెళ్లేవాడు. అబ్బాయి వాళ్ల వీధి చివర కొట్లో సోడా తాగి, పాలవాడితో, ఇస్త్రీ బండి దగ్గర నాలుగు మాటలు కదిపి వచ్చేవాడు. పెళ్లిళ్ల పేరయ్య చెప్పినదాంట్లో ఎంత నిజమో సాయంత్రానికి తేలిపోయేది. దాన్ని వాకబు అనేవాళ్లు.

ఇప్పుడు టిండర్, బంబుల్, హింజ్ ఉన్నాయి. తెలుగువాళ్ల కోసమే వచ్చిన నీతో ఉంది. మరోవైపు తెలుగు మ్యాట్రిమోనీ, షాదీ లాంటివి. పరిచయం చేసే పని యాప్ తీసుకుంది, వాకబు పని మాత్రం ఎవరూ తీసుకోలేదు. ప్రొఫైల్ మీద టిక్ మార్కు చూసి అన్నీ సరిచూశారనుకోవడం దగ్గరే చాలా గొడవలు మొదలవుతున్నాయి. డేటింగ్ యాపుల్లో ఫొటో వెరిఫికేషన్ టిక్ చెప్పేది ఒక్కటే: అప్పుడు తీసిన సెల్ఫీలో ముఖం, పెట్టిన ఫొటోల్లో ముఖం ఒకటేనని. ఆ పేరు నిజమా, ఉద్యోగం ఉందా, ఇదివరకే పెళ్లయిందా అన్నవాటి గురించి అది ఒక్క ముక్క చెప్పదు.

కాబట్టి ఏ దశలో ఏది చూసుకోవాలి, ఎలా చూసుకోవాలి అన్నది ఇక్కడ రాద్దాం. సొంత కథలొద్దు, పద్ధతులు కావాలి.

#2 మల్లెతీగ

వాకబు కంటే ముందు అసలు ఎవరైనా కలవాలి కదండీ. అక్కడే సగం మంది ఆగిపోతున్నారు.

మొదటి ఫొటోలో మీరొక్కరే ఉండాలి, పగటి వెలుతురులో, చలవ కళ్లద్దాలు లేకుండా. పక్కవాళ్ల భుజం మిగిలిపోయేలా కత్తిరించిన పెళ్లి ఫొటో పెట్టొద్దు. ఆ భుజం ఎవరిదా అనే చూస్తారు తప్ప మిమ్మల్ని చూడరు. ఒకటి నిలువెత్తు ఫొటో, ఒకటి ఏదైనా పని చేస్తున్నది, అన్నీ కలిపి ఐదారు చాలు. రెండేళ్ల కంటే పాతవి తీసేయండి. ఎదురుగా కలిసినప్పుడు తేడా కనపడితే మొదటి పది నిమిషాలు ఆ తేడాతోనే పోతాయి.

హింజ్‌లో యాప్ ఇచ్చే ప్రశ్నల్లాంటి ప్రాంప్టులు మూడింటికి జవాబు రాయాలి. "ట్రావెల్, ఫుడ్, మూవీస్" అని రాస్తే చదివినవాళ్లు ఏమని పలకరిస్తారు? "ఉప్మా పెసరట్టులో ఉప్మా లోపల ఉండాలా పక్కన ఉండాలా, నాతో వాదించండి" అని రాస్తే పలకరించడానికి ఒక కొస దొరుకుతుంది. బంబుల్‌లో మ్యాచ్ అయ్యాక 24 గంటల్లో మొదటి మాట పడకపోతే అది పోతుంది. ముందు అమ్మాయే పలకరించాలన్న నియమాన్ని 2024లో సడలించారు. అమ్మాయి ముందుగానే ఒక ప్రశ్న పెట్టి ఉంచితే అబ్బాయి దానికి జవాబిచ్చి మొదలుపెట్టవచ్చు.

ఇక అసలు తప్పు: మూడు వారాలు రాత్రి ఒంటిగంట దాకా చాటింగ్ చేసి, మనసులో ఒక మనిషిని కట్టుకుని, తర్వాత కలవడం. ఆ కట్టుకున్న మనిషి ఎలాగూ రాదు. మూడు నాలుగు రోజులు మాట్లాడాక పదిహేను నిమిషాల వీడియో కాల్, వారం పది రోజుల్లోపు ఒక గంట ఎదురెదురుగా. మొదటిసారి భోజనం పెట్టుకోకండి, టీ చాలు. నచ్చకపోతే బిర్యానీ వచ్చేదాకా కూర్చోవడం ఇద్దరికీ శిక్షే.

ఉద్దేశం అడిగే గడిలో "చూద్దాం" అని పెట్టినవాళ్లని పెళ్లి వైపు తిప్పగలం అనుకోవద్దు. అది బిడియం కాదు, జవాబే.

#3 సైబర్‌కాపలా

మల్లెతీగ గారు చెప్పిన వీడియో కాల్ నచ్చడానికే కాదు, పట్టుకోవడానికి కూడా. మాటల మధ్యలో తల పక్కకి పూర్తిగా తిప్పమనండి, చెయ్యి ముఖం ముందు నుంచి అడ్డంగా పోనివ్వమనండి. ముఖం మార్చే సాఫ్ట్‌వేర్ చాలాసార్లు తడబడేది అక్కడే, అంచులు చెదురుతాయి. అది దాటితే మనిషి నిజమని రుజువైనట్టు కాదు, దాటకపోతే మాత్రం అక్కడితో ఆపేయాలి. కెమెరా పాడైందని రెండుసార్లు చెప్పినవాళ్లతో మూడోసారి మాట్లాడాల్సిన పని లేదు.

ఫొటోని గూగుల్ లెన్స్‌లో వెతికేటప్పుడు మొత్తం ఫొటో వేయకండి. ముఖం వరకు కత్తిరించి ఒకసారి, వెనక ఉన్న కట్టడమో బోర్డో కత్తిరించి ఒకసారి. "విజయవాడలో మా ఇల్లు" అన్న ఫొటోలో స్విచ్ బోర్డు మన దేశానిది కాకపోవడం లాంటివి అలాగే దొరుకుతాయి.

పేరు సరిచూడటానికి చవకైన దారి యూపీఐ. టీ డబ్బులు పంచుకునేటప్పుడు వాళ్ల నంబరుకి పంపబోతే బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు తెర మీద పడుతుంది. 2025 జూన్ 30 నుంచి ఖాతాదారు పెట్టుకున్న ముద్దుపేరు కాకుండా బ్యాంకు రికార్డులోని పేరే చూపాలని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ నిబంధన. ఒక్కటి గుర్తుంచుకోండి, మీ పేరు కూడా వాళ్లకి అలాగే కనపడుతుంది.

ఇప్పుడు మోసం ఎలా నడుస్తుందో. పార్సిల్ కస్టమ్స్‌లో ఆగింది అన్నది పాత పాట, ఇంకా నడుస్తూనే ఉంది. పెద్ద మొత్తాలు పోయేది పెట్టుబడి మోసంలో. పరిచయమైన రెండు మూడు రోజుల్లో యాప్ నుంచి వాట్సాప్‌కో టెలిగ్రామ్‌కో మారుస్తారు. రెండు మూడు వారాలు డబ్బు మాటే రాదు. తర్వాత "మా బాబాయికి ట్రేడింగ్‌లో పట్టు ఉంది" అని ఒక లింకో, ప్లే స్టోర్‌లో లేని ఏపీకే ఫైలో పంపుతారు. మొదట పదివేలు పెట్టిస్తారు, పన్నెండు వేలు నిజంగానే వెనక్కి ఇస్తారు. ఆ రెండు వేలే ఎర. తర్వాత లక్షల్లో పెట్టాక తెర మీద అంకెలు పెరుగుతుంటాయి, తీయబోతే ముందు ముప్పై శాతం పన్ను కట్టమంటారు. వచ్చే లాభంలోంచి పన్ను తగ్గించుకోకుండా విడిగా కట్టమన్నారంటే అక్కడ లాభమే లేదని అర్థం. ఈ మోసానికి ఇంగ్లిష్‌లో పందుల పేరుతో ఒక ముతక పేరుండేది. బాధితుల్ని కించపరుస్తోందని 2024 డిసెంబరులో ఇంటర్‌పోల్ దాన్ని వాడొద్దని, రొమాన్స్ బెయిటింగ్ అనమని చెప్పింది.

డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్. తర్వాత నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు. ఫోన్ చేసేముందు చేతిలో ఉండాల్సినవి: ఒక్కో యూపీఐ బదిలీకి 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ) నంబరు, తేదీ, సమయం, మీ ఖాతా, డబ్బు వెళ్లిన ఖాతా లేదా యూపీఐ ఐడీ. డబ్బు ఒక ఖాతా నుంచి పది ఖాతాలకు చీలిపోయేలోపు ఆపగలిగితేనే ప్రయోజనం. ఇంట్లో తెలిస్తే ఏమంటారోనని రెండు రోజులు కూర్చుంటే ఆ రెండు రోజులే దొంగకి కావాల్సింది.

#4 ఓరుగల్లుపిట్ట

హైదరాబాద్ల ఇంకో దందా ఉన్నది, అది కూడా చెప్పాలె. అమ్మాయి ప్రొఫైల్ తోటి మ్యాచ్ అయితది, అదే రోజు కలుద్దామంటది, జాగ పేరు తనే చెప్తది. పబ్బుకో కేఫ్‌కో పోంగనే మెనూ కార్డు ఇయ్యకుంట తనే ఆర్డర్ చేస్తది. గంట కాంగనే ఫోన్ వచ్చిందని లేచి పోతది. బిల్లు ఇరవై, ముప్పై వేలు. కట్టకపోతే బౌన్సర్లు దగ్గరికొస్తరు. 2024ల సైబరాబాద్ పోలీసులు హైటెక్ సిటీ దిక్కు ఇట్లాంటి ముఠానే పట్టుకున్నరు. అమ్మాయిలకు, యాజమాన్యానికి వాటాలు ఉంటయన్నట్టు.

తప్పించుకునుడు అల్కగనే ఉన్నది. జాగ మీరు చెప్పుండ్రి, లేకుంటే ఇద్దరికీ ఎరుకున్న జాగ పెట్టుండ్రి. "అక్కడికే రావాలె" అని పట్టువడితే పోకుండ్రి. పోయినంక మెనూల ధర చూడనిదే గ్లాసు ముట్టొద్దు. ఇరుక్కుంటే కట్టి బయటపడుడు కాదు, అక్కడనే కూసోని 100కో 112కో కొట్టుండ్రి. కట్టక తప్పకపోతే కార్డు మీదనో యూపీఐ మీదనో కట్టుండ్రి, బిల్లు కాగితం అడిగి తీసుకోండ్రి. నగదు ఇస్తే సాక్ష్యం ఉండదు.

మొదటిసారి కలవనీకి మంచి జాగలంటే పొద్దుగాల కేబీఆర్ పార్కు, సాయంత్రం దుర్గం చెరువు బ్రిడ్జి దిక్కు, లేకుంటే మెట్రో స్టేషన్ పక్కపొంటి ఇరానీ హోటల్. విశాఖ అయితే ఆర్కే బీచ్ ఉండనే ఉన్నది. ఎవరి బండి మీద వాళ్లు రావాలె, ఎవరి దారిన వాళ్లు పోవాలె. ఇంటి కాడ దింపుతనంటే మొదటిసారి వద్దనుడే మంచిది, ఇల్లు ఎరుకైతది.

#5 చుక్కలముగ్గు

ఇవన్నీ చదివితే కాఫీ తాగడానికి కూడా నోటరీ కావాలేమో అనిపిస్తోంది. డేటింగ్‌కి వెళ్లే ప్రతివాడూ నేరస్తుడా? ఎదుటివాళ్లకి తెలియకుండా ఇలా వెతకడం మర్యాదేనా?

#6 గోదారిగట్టు

న్యాయమైన ప్రశ్నే. అందుకే అన్నీ ఒకేసారి కాదు. మొదటిసారి కలిసేముందు కావాల్సినవి రెండే: ఫొటోలో మనిషే వస్తున్నారా, ఎక్కడికి వెళ్తున్నారో మీ మనిషి ఒకరికి తెలుసా. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 15 నిమిషాలు, ఒక గంట, 8 గంటలు అని మూడు రకాలుగా పంచుకోవచ్చు, 8 గంటలది పెట్టండి. గంట ముగిసేసరికి మీరు ఇంకా కూర్చునే ఉంటారు.

మూడు నాలుగుసార్లు కలిసి, ఇక వేరేవాళ్లతో మాట్లాడటం ఆపేద్దాం అనుకున్నప్పుడు అడగాల్సిన ప్రశ్నలు వేరు. ఇదివరకు పెళ్లి లేదా నిశ్చితార్థం అయిందా, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారా, కులం మతం విషయంలో ఇంట్లోవాళ్లు ఎంతవరకు ఒప్పుకుంటారు. ఆఖరి ప్రశ్న ఆర్నెల్లయ్యాక అడుగుతారు మనవాళ్లు. రెండేళ్లు తిరిగాక "మా నాన్న ఒప్పుకోలేదు" అన్న మాట వినేది అందుకే.

పెళ్లి మాట వచ్చాకే కాగితాలు. అవి కూడా దొంగచాటుగా వద్దు. "నావి ఇవిగో, నీవి చూపించు" అని ముందు మీవి బల్ల మీద పెడితే అవమానం అనిపించదు. అయినా కోపం వచ్చిందంటే, ఆ కోపం కాగితం మీదా కాగితంలో ఉన్న సంగతి మీదా అన్నది చూసుకోవాలి.

#7 వేపచెట్టు

కాగితాల దశ గురించి నేను రాస్తాను. ఇది మ్యాట్రిమోనీ సైట్లకి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. 2016 జూన్‌లో కేంద్ర ఐటీ శాఖ మ్యాట్రిమోనీ సైట్లకి సూచనలు ఇచ్చింది: యూజర్ గుర్తింపు కాగితం తీసుకోవాలి, సైటు పెళ్లికే తప్ప డేటింగ్‌కి కాదని స్పష్టంగా రాయాలి, ఖాతా మూసేశాక కూడా ఏడాది పాటు ఐపీ అడ్రస్ ఉంచాలి. మోసం జరిగితే ప్రొఫైల్ డిలీట్ చేసుకుపోయినా పోలీసులు అడగగలిగేది ఆ ఏడాదిలోపే. జీతం, చదువు, ఆస్తి గడుల్లో రాసినవాటికి సైటు పూచీ పడదు.

చదువుకి డిజిలాకర్ (సర్టిఫికెట్లు దాచుకునే ప్రభుత్వ యాప్). సర్టిఫికెట్ అందులోంచి నేరుగా తెరిచి చూపించమనాలి, పీడీఎఫ్ పంపమని కాదు. జీతానికి శాలరీ స్లిప్ కంటే ఫారం 16 (కంపెనీ ఇచ్చే పన్ను పత్రం), దానికంటే ఆదాయపన్ను పోర్టల్‌లోని ఏఐఎస్ (ఏడాది ఆదాయ వివరాల పట్టిక) నమ్మదగ్గవి. స్లిప్పు ఎవరైనా తయారుచేస్తారు. సొంత కంపెనీ అన్నవాళ్లకి ఎంసీఏ (కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ) సైట్లో కంపెనీ పేరు కొడితే అది నడుస్తోందా, మూతపడిందా తెలుస్తుంది. అప్పుల సంగతికి ఇద్దరూ క్రెడిట్ రిపోర్టు మార్చుకోవడం మంచిది. ఏడాదికి ఒకటి ఉచితంగా వస్తుంది. స్కోరు అంకె చూసి ఆగకండి, పర్సనల్ లోన్లు ఎన్ని నడుస్తున్నాయో, ఎవరికైనా హామీ సంతకం పెట్టారో చూడండి.

"ఊళ్లో పదెకరాలు" అన్నమాటకి సర్వే నంబరు అడగండి. ఆంధ్రాలో మీభూమిలో 1-బి, అడంగల్ చూడవచ్చు. తెలంగాణలో ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. అక్కడ కనపడిందంటే తాకట్టులో లేదని కాదు, దానికి రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో ఈసీ (ఆస్తి మీద తాకట్టు, అమ్మకం లావాదేవీల పత్రం) తీయాలి. ఇంకో మెలిక: భూమి తాతగారి పేరు మీదే ఉండి పంపకాలు కాకపోతే ఆ పదెకరాలు ఎంతమందివో లెక్క వేసుకోండి. (కట్నం లెక్కల కోసం ఈ పని చేసేవాళ్లకి నేను చెప్పడం లేదు. అబద్ధమా కాదా తేలడానికే.)

కేసులకి ఈకోర్ట్స్ సైటు. రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం, సంవత్సరం ఎంచుకుని పార్టీ పేరుతో వెతకాలి, కనీసం మూడక్షరాలు. మనవాళ్ల పేర్లతో చిక్కేమిటంటే ఇంటిపేరు ఒక చోట పూర్తిగా, ఒక చోట పొడి అక్షరంతో ఉంటుంది, "లక్ష్మి"ని ఇంగ్లిష్‌లో నాలుగు రకాలుగా రాస్తారు. అన్ని రకాలూ కొట్టాలి. పెండింగ్, పరిష్కారమైనవి విడివిడిగా చూడాలి. విడాకులు అయ్యాయి అన్నవాళ్ల దగ్గర డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) నకలు అడగండి. "మ్యూచువల్ ఫైల్ చేశాం" అంటే విడాకులు అయినట్టు కాదు, డిక్రీ వచ్చేదాకా ఆ పెళ్లి బతికే ఉంది. ఈలోపు చేసుకునే రెండోది చెల్లదు.

ఏమీ దొరకలేదంటే ఏమీ లేదని మాత్రం అనుకోవద్దు. అదే పేరున్నవాళ్లు వందమంది ఉంటారు, తండ్రి పేరు కలవనిదే ఎవరి మీదా నింద వేయకండి.

#8 డల్లాస్‌తెలుగు

అమెరికా సంబంధాలకి వీటికి తోడు ఇంకొన్ని ఉన్నాయి. "యూఎస్‌లో సాఫ్ట్‌వేర్" అన్న రెండు మాటల వెనక నాలుగైదు రకాల బతుకులు ఉంటాయి, ఏదో అడిగి తెలుసుకోండి.

ఓపీటీ (చదువయ్యాక పని చేసుకునే అనుమతి) మీద ఉంటే 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) చదువైతే ఇంకో 24 నెలలు. మొదటి దాంట్లో ఉద్యోగం లేకుండా ఉండగలిగింది మొత్తం 90 రోజులే, స్టెమ్ పొడిగింపుతో కలిపి 150. అప్పటికి హెచ్1బీ (ఉద్యోగ వీసా) లాటరీ తగలకపోతే ఏం చేస్తారన్నది పెళ్లికి ముందు మాట్లాడుకోవాల్సిన సంగతి. హెచ్1బీ అంటే ఐ-797 (ఆమోదం తెలిపే) కాగితం చూడండి. రసీదు నంబరు మూడక్షరాలు, పదంకెలు. యూఎస్‌సీఐఎస్ (అమెరికా వలస వ్యవహారాల సంస్థ) సైట్లో కొడితే కేసు స్థితి వస్తుంది కానీ అందులో మనిషి పేరు ఉండదు, కాబట్టి ఉత్త నంబరు పంపితే సరిపోదు. పేరోల్ ఎవరిది, క్లయింట్ ఎవరు, ఇప్పుడు ప్రాజెక్టులో ఉన్నారా పని లేక బెంచ్ మీద ఉన్నారా అని అడగడం తప్పేం కాదు. ఇక్కడ అందరూ ఒకరినొకరు అడిగే ప్రశ్నలే.

వచ్చే మనిషి ఉద్యోగం చేసుకోవాలనుకుంటే ఇంకా ముఖ్యం. ఎఫ్-2 (విద్యార్థి భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద పని చేయకూడదు. హెచ్-4 (హెచ్1బీ వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద పని చేయాలంటే ఈఏడీ (పని అనుమతి కార్డు) కావాలి. హెచ్1బీ వాళ్లకి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఉంటేనో, ఆరేళ్లు దాటి పొడిగింపులో ఉంటేనో అది వస్తుంది. ఈ వెసులుబాటు 2015 నుంచే ఉంది. "వచ్చాక ఉద్యోగం చూసుకోవచ్చులే" అని ఫోన్లో చెప్పి, ఐ-140 ఊసే లేని ఇంటికి తీసుకొచ్చాక ఇద్దరి మధ్యా మొదటి పగులు పడేది ఇక్కడే. ఎంటెక్ చదివిన అమ్మాయి ఏళ్ల తరబడి అపార్ట్‌మెంట్ గోడలు చూస్తూ కూర్చుంటుందని ముందే తెలిస్తే ఎంతమంది ఒప్పుకుంటారు?

ఇదివరకటి పెళ్లి, విడాకుల సంగతికి ఆయన లేదా ఆమె ఉన్న కౌంటీ (జిల్లా లాంటిది) రికార్డులు చూడండి. టెక్సస్ లాంటి చోట్ల విడాకుల కేసులని చాలా కౌంటీల డిస్ట్రిక్ట్ క్లర్క్ సైట్లలో పేరుతో వెతకవచ్చు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు, పేరు తారుమారవుతుంటాయి, రెండు వరసల్లోనూ కొట్టండి. ఎక్కడెక్కడ ఉన్నారో ఊళ్ల జాబితా ముందు అడగాలి, లేకపోతే ఏ కౌంటీలో వెతుకుతారు?

#9 కొత్తఅద్దెఇల్లు

డల్లాస్‌తెలుగు అన్నా, వీసా స్లాట్ కోసం పెళ్లికి మూడు నెలల ముందే రిజిస్టర్ చేయించుకుని, తర్వాత ముహూర్తానికి పెళ్లి చేసుకోవడం మామూలే కదా. అందులో ఇబ్బంది ఉందా?

#10 స్టాంపుపేపర్

మామూలే, ఇబ్బంది మాత్రం పెద్దది. ఏ చట్టం కింద రిజిస్టర్ చేశారన్నదే అంతా.

హిందూ వివాహ చట్టం (1955) కింద రిజిస్ట్రేషన్ అంటే జరిగిన పెళ్లిని నమోదు చేయడం. పెళ్లే జరగకుండా, జరిగిందని రాసిచ్చి సర్టిఫికెట్ తీసుకుంటే ఆ కాగితం పెళ్లిని పుట్టించదు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సరిగ్గా ఇదే చెప్పింది. శాస్త్రోక్తంగానో ఆచారం ప్రకారమో తంతు జరగాలి, లేకపోతే సర్టిఫికెట్ ఉన్నా ఆ చట్టం కింద భార్యాభర్తలు కారు. వీసా కోసం ముందే కాగితం పుట్టించుకునే అలవాటును కూడా తప్పుపట్టింది. అలాగని కాగితం ఏమీ చేయదనీ కాదు. మధ్యలో చెడితే దాన్ని రద్దు చేయించుకోవడానికి కోర్టు మెట్లెక్కాలి. పై కేసులో ఆ జంట చేసింది అదే.

మతం ఏదైనా చేసుకోగల ప్రత్యేక వివాహ చట్టం (1954) కింద అయితే ఆఫీసులో సంతకం పెట్టిన రోజే పెళ్లి. తర్వాత మండపంలో జరిగేది వేడుక. ఆ సంతకానికీ ముహూర్తానికీ మధ్య మనసు మారితే విడాకులే దారి, దానికీ సాధారణంగా పెళ్లయిన ఏడాదిలోపు పిటిషన్ వేయనివ్వరు. రెండు చట్టాల్లోనూ ఈ ఏడాది నిబంధన ఉంది.

ప్రత్యేక వివాహ చట్టం కింద వరస ఇది: అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. ఇద్దరిలో ఒకరైనా, పెళ్లి చేసుకోబోతున్నామని నోటీసు ఇచ్చే తేదీకి ముందు వరసగా 30 రోజులు ఆ జిల్లాలో నివసించి ఉండాలి. మన రెండు రాష్ట్రాల్లో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నోటీసు ఇస్తారు. పదో తరగతి మెమో, ఆధార్, చిరునామా కాగితం, పాస్‌పోర్టు సైజు ఫొటోలు పట్టుకెళ్లాలి. ఇదివరకు పెళ్లయి ఉంటే విడాకుల డిక్రీ లేదా మరణ ధ్రువపత్రం కూడా. తర్వాత 30 రోజులు ఆగాలి. పెళ్లి రోజున ముగ్గురు సాక్షులు గుర్తింపు కాగితాలతో రావాలి. నోటీసు ఇచ్చిన నాటి నుంచి మూడు నెలల్లో పెళ్లి జరగకపోతే అది చచ్చిపోతుంది, మళ్లీ మొదటి నుంచి.

కాగితాల్లో పడే తిప్పలు చిన్నవే: మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటారు, ఆధార్‌లో ఊరి చిరునామానే. రెండూ ముందే సరిచేసుకుంటే నెల రోజులు మిగులుతాయి.

#11 చుక్కలముగ్గు

ఆ 30 రోజుల్లో నోటీసు ఇంటికి పంపుతారని అందరూ అంటారు. నిజమేనా? వేరే కులమో మతమో అయితే అదే కదా అసలు భయం.

#12 స్టాంపుపేపర్

ఇంటికి పంపమని చట్టంలో ఎక్కడా లేదు. నోటీసు పుస్తకంలో ఎక్కించి, ఆఫీసు బోర్డు మీద అంటించాలి. అయితే 6వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. ఒకరి శాశ్వత నివాసం వేరే జిల్లాలో ఉంటే ఆ జిల్లా అధికారికీ ఒక ప్రతి పంపి అక్కడా అంటించాలి. ఊరి ఆఫీసులో బోర్డు మీద పేరు పడ్డాక ఇంటికి కబురు చేరడానికి పోస్టు అక్కర్లేదు కదా. నోటీసు ఇచ్చే రోజుకే ఎక్కడ ఉండాలో, ఎవరికి చెప్పాలో ఏర్పాటు చేసుకోవాలనేది అందుకే. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు, జంట కోరితేనే నోటీసు బయటపెట్టాలని చెప్పింది. అది ఉత్తరప్రదేశ్‌ది. ఇక్కడ దాన్ని పట్టుకుని లెక్కలు వేయకండి.

అభ్యంతరం ఎవరైనా పెట్టవచ్చు, కానీ 4వ సెక్షన్ షరతుల మీదే: వయసు చాలదు, బతికున్న భార్యో భర్తో ఉన్నారు, మతిస్థిమితం లేదు, నిషిద్ధ బంధుత్వం ఉంది. "మాకిష్టం లేదు", "కులం వేరు" అన్నవి అభ్యంతరాలు కావు. పెడితే అధికారి 30 రోజుల్లో తేల్చాలి. కాదంటే జిల్లా కోర్టుకి 30 రోజుల్లో అప్పీలు.

బెదిరింపు ఉంటే ముందే, రాతపూర్వకంగా, ఇద్దరి సంతకాలతో, వయసు రుజువుతో ఎస్పీకి లేదా కమిషనర్‌కి ఇవ్వండి. రసీదు ముద్ర వేయించుకోండి. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఇలాంటి జంటలకి రక్షణ ఇవ్వాలని, జిల్లాల్లో ప్రత్యేక విభాగాలు, తలదాచుకునే చోట్లు ఏర్పాటు చేయాలని ఆదేశించింది. ఆ ఏడాది సెప్టెంబరులోనే, కులాంతర పెళ్లి చేసుకున్నందుకు, మిర్యాలగూడ హత్య జరిగింది. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. కాబట్టి "పెద్దవాళ్లు రెండు రోజులు అరుస్తారు, అంతే" అని తేలిగ్గా తీసుకోకండి. రాజీకి పిలిచారని ఒంటరిగా వెళ్లొద్దు, పోలీస్ స్టేషన్లోనో లాయర్ ఆఫీసులోనో మాట్లాడండి.

ఇంకోటి, పెళ్లి ఆశ చూపే అబ్బాయిలకి. పెళ్లి చేసుకునే ఉద్దేశమే లేకుండా చేసుకుంటానని నమ్మించి శారీరక సంబంధం పెట్టుకోవడం భారతీయ న్యాయ సంహిత 69 కింద నేరం, 2024 జులై 1 నుంచి. పదేళ్ల దాకా జైలు. ప్రేమించి తర్వాత విడిపోవడం వేరు, మొదటి నుంచీ అబద్ధమే కావడం వేరు. కోర్టులో తేలేది చాట్‌ల వల్లే.

#13 సూదిమందు

ఆరోగ్యం సంగతి ఎవరూ ఎత్తలేదు. జాతకాలకి పెట్టే ఖర్చులో సగం చాలు.

ఇద్దరూ చేయించుకోవాల్సినవి: రక్త గ్రూపు, సీబీపీ (రక్తకణాల లెక్క), హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, ఇంకా హిమోగ్లోబిన్ హెచ్‌పీఎల్‌సీ (రక్తంలో ఏయే రకం హిమోగ్లోబిన్ ఎంతుందో చూసేది). ఈ ఆఖరిది మనవాళ్లకి ఎక్కువ తెలియదు. తలసీమియా, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బుల జన్యువు ఉన్నవాళ్లు పైకి ఆరోగ్యంగానే ఉంటారు. ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులో బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఆ పరీక్షలో హెచ్‌బీఏ2 అనే రకం మూడున్నర శాతం దాటితే డాక్టరు తలసీమియా క్యారియర్ (జన్యువు మోసేవారు) అని అనుమానిస్తారు. ఇనుము లోపం ఉంటే ఆ అంకె తక్కువ చూపించవచ్చు, అందుకే సీబీపీ పక్కన పెట్టి చదవాలి. ఒక్కరికే ఉంటే భయం లేదు. మేనరికమైతే ఈ పరీక్ష మరీ ముఖ్యం.

రీసస్ నెగటివ్ (రక్త గ్రూపు చివర నెగటివ్ అని ఉన్న) అమ్మాయిని వద్దనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అర్థం లేదు. గర్భంలో 28 వారాలప్పుడు, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు, అంతే.

హెచ్ఐవీ పరీక్ష ఇష్టం లేకుండా చేయించకూడదు, 2017 చట్టం ఉంది. ఇటీవలి కలయిక ఏదైనా ఉంటే ల్యాబ్‌లో చేసే యాంటిజెన్-యాంటీబాడీ పరీక్షకి 45 రోజులు, యాంటీబాడీ మాత్రమే చూసే పరీక్షకి 90 రోజులు ఆగి చేయించుకుంటేనే ఫలితం నమ్మొచ్చు.

#14 సైబర్‌కాపలా

ఫొటోల గురించి ఒక మాట మిగిలింది. వీడియో కాల్‌లో బట్టలు తీయించి రికార్డు చేసి, పది నిమిషాల్లో మీ ఇన్‌స్టా ఫాలోయర్ల జాబితా పంపి బెదిరించే ముఠాలున్నాయి. తర్వాత "పోలీసు" అని ఇంకొకడు ఫోన్ చేస్తాడు. అదీ వాళ్లలోవాడే. ఐదు వేలు కడితే ఆగరు, కట్టే మనిషని తెలుసుకుని యాభై అడుగుతారు. కట్టొద్దు. భయంతో చాట్ డిలీట్ చేయొద్దు, అదే సాక్ష్యం. నంబరు, ప్రొఫైల్ లింకు, బెదిరింపు మాటలు స్క్రీన్‌షాట్ తీశాకే బ్లాక్ చేయండి. అకౌంట్లన్నీ ప్రైవేట్‌లో పెట్టి 1930కి చెప్పండి.

పాత ప్రేమికులు ఫొటోలు పెడతామని బెదిరిస్తే స్టాప్ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది. ఫొటో మీ ఫోన్ దాటి వెళ్లదు, దాని వేలిముద్ర లాంటి సంకేతం ఒకటే వెళ్తుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, బంబుల్ వంటివి దాన్ని పట్టి ఆపుతాయి. అందులో చేరని సైట్లని, టెలిగ్రామ్ గుంపులని మాత్రం ఆపలేదు. వాటికి పోలీసు ఫిర్యాదే.

#15 కొత్తఅద్దెఇల్లు

అందరికీ థ్యాంక్స్. ఒక చిన్న సందేహం. రెండుసార్లు కలిశాక వద్దనిపిస్తే ఎలా చెప్పాలి? జవాబివ్వడం మానేస్తే అదే అర్థం చేసుకుంటారు కదా?

#16 మల్లెతీగ

కొందరు అర్థం చేసుకుంటారు. కొందరు మీకు యాక్సిడెంట్ అయిందేమోనని మూడు రోజులు ఫోన్లు చేస్తారు, తర్వాత ఆఫీసు బయట నిలబడతారు. రెండు వాక్యాలు రాయండి: "మిమ్మల్ని కలవడం బాగుంది, కానీ మన ఇద్దరికీ కుదరదనిపిస్తోంది. ఇక మాట్లాడుకోవద్దు, మీకు మంచి జరగాలి." కారణం రాయకండి. కారణం రాస్తే దాన్ని సరిచేసుకుంటామని వస్తారు. "ఇప్పుడు కాదు", "ఇంట్లో టెన్షన్‌గా ఉంది" లాంటివి కూడా వద్దు, అవి తలుపు తీసి పెట్టినట్టే.

జవాబు వచ్చాక ఒక రోజు ఆగి అన్‌మ్యాచ్ చేయండి. యాపులో ముందే అన్‌మ్యాచ్ చేస్తే చాట్ రెండువైపులా పోతుంది. రేపు గొడవైతే చూపించడానికి ఏమీ మిగలదు, కాబట్టి కావాల్సినవి ముందే స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. వద్దన్నాక కూడా అబ్బాయి అమ్మాయి వెంటపడితే అది వెంటాడటం కిందకి వస్తుంది, న్యాయ సంహిత 78. తెలంగాణలో షీ టీమ్స్‌కి చెప్పొచ్చు, ఎక్కడైనా 112 ఉంది. లైవ్ లొకేషన్ ఇంకా ఆన్‌లో ఉందేమో కూడా చూసుకోండి.